ద్రవ స్ఫటికపు తెర – వెలుగునకు వేసిన తూము

నేడు మన గ్రామములలో అంకెలు చూపు తెర లేని చోటు అరుదు. పాలకేంద్రములోని త్రాసు, చౌకధరల దుకాణములోని యంత్రము, మంచినీటి పంపు గదిలోని విద్యుత్తు మీటరు, పంచాయతీ కార్యాలయములోని కంప్యూటరు, పాఠశాల గోడపైనున్న పెద్ద తెర, జేబులోని సెల్‌ఫోను – వీనిలో పెక్కింటి ముఖము ఒకే జాతికి చెందినది. దానిని ఎల్.సి.డి. అని పిలుచుచున్నారు. తెలుగున ద్రవ స్ఫటికపు తెర అనవచ్చును.

ఈ తెరపై కనబడు అంకెను బట్టియే పాలు పోసిన రైతునకు సొమ్ము ముట్టుచున్నది. ఆ అంకెను బట్టియే కార్డుదారునకు బియ్యము కొలువబడుచున్నది. వీధి దీపములకు, నీటి పంపులకు పంచాయతీ చెల్లించు విద్యుత్తు బిల్లునకు ఆ అంకెయే ఆధారము. మరియు ఇట్టి తెరలను గ్రామ నిధులతో కొనుటయు, చెడిపోయినపుడు బాగుచేయింపవలెనా, తీసివేయవలెనా అని తీర్మానించుటయు సభ్యుల బాధ్యతయే. కావున ఈ తెర ఎట్లు పనిచేయునో, ఎక్కడ తప్పు చూపుటకు అవకాశము గలదో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

మొదట ఒక్క విషయమును మనసున నిలుపుకొనవలెను. ద్రవ స్ఫటికము తనంతట తాను వెలుగునిచ్చునది కాదు. అది వెలుగును పోనిచ్చునది లేక ఆపునది మాత్రమే. కాలువ తూము నీటిని పుట్టింపదు. పైనుండి వచ్చు నీటిని విడుచును, ఆపును. ఈ తెరయు అట్టిదే. నీటికి తూము ఎట్టిదో వెలుగునకు ఇది అట్టిది. ఈ ఒక్క సంగతి గ్రహించినచో తెరను గూర్చిన తక్కిన సంగతులన్నియు సులభముగ బోధపడును.

రెండు జాతుల అంకెలు

సంతలో త్రాసులను పరిశీలించినచో రెండు రకముల అంకెలు కనబడును. కొన్నింటిపై ఎఱ్ఱగా, లేక పచ్చగా నిప్పుకణికల వలె మెరయు అంకెలు ఉండును. అవి చీకటిలోను కనబడును. ఇవి ఎల్.ఇ.డి. అను చిన్న దీపములు. ఇవి తామే వెలుగును. మరికొన్నింటిపై బూడిద రంగు పలకమీద నల్లని అంకెలు ఉండును. ఇవి పట్టపగలు చక్కగా కనబడును. చీకటి పడినచో, వెనుక దీపము లేకున్న, కనబడవు. ఇవియే ద్రవ స్ఫటికపు అంకెలు.

వెలుగు పుట్టించు పని లేనందువలన ఈ రెండవ జాతి తెరకు కావలసిన విద్యుత్తు అత్యల్పము. కనుకనే చేతి గడియారములోని చిన్న బిళ్ళ వంటి బ్యాటరీ సంవత్సరముల తరబడి పనిచేయుచున్నది. లెక్కలు చేయు చిన్న యంత్రములు కొన్ని గదిలోని వెలుతురు పడినంత మాత్రముననే నడచుచున్నవి. విద్యుత్తు మీటర్లకు ఈ జాతి తెరను ఎన్నుకొనుటకు ఒక ముఖ్య కారణము ఈ పొదుపే.

ద్రవ స్ఫటికమనగా నేమి?

పదార్థములు ఘనములు, ద్రవములు, వాయువులు అని మనము బడిలో చదువుకొన్నాము. ద్రవ స్ఫటికము ఘనమునకు, ద్రవమునకు నడుమనున్న స్థితి. ఉప్పు, పటికబెల్లము వంటి స్ఫటికములలో అణువులు బడిలో వరుసలు తీర్చి కూర్చున్న పిల్లల వలె ఉండును. ఎవరి స్థానము వారిది. అందరి ముఖములు ఒక వైపే. నీటిలోని అణువులు సంతలోని జనము వలె ఉండును. స్థానము లేదు, దిక్కు లేదు. ద్రవ స్ఫటికములోని అణువులు తిరునాళ్ళకు పోవు జనము వంటివి. ఎవరి స్థానము నిలుకడగా ఉండదు. ముందువారు వెనుకకు, వెనుకవారు ముందునకు కదలుచునే ఉందురు. అయినను అందరి ముఖములు ఇంచుమించు ఒకే దిక్కున ఉండును. అనగా అది ద్రవము వలె పారును; అందు స్ఫటికములో వలె దిక్కు ఉండును. తెరలలో వాడు పదార్థపు అణువులు సన్నని పుల్లల వలె పొడవుగా ఉండును. గాలికి ఒక వైపు వాలిన వరిపైరును ఊహించుకొన్న యెడల వాని తీరు తెలియును.

ఈ స్థితిని మొదట గమనించినవాడు ఒక వృక్షశాస్త్రజ్ఞుడు. 1888లో ప్రేగ్ నగరమున పనిచేయుచున్న ఆస్ట్రియా దేశీయుడు ఫ్రెడరిక్ రైనిట్జర్ కొలెస్టెరాల్‌కు సంబంధించిన ఒక పదార్థమును వేడిచేసి చూచెను. 145.5 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద అది కరగి, మబ్బు పట్టినట్టి ద్రవమైనది. ఇంకను వేడిచేయగా 178.5 డిగ్రీల వద్ద ఆ మబ్బు విడిపోయి నిర్మలమైన ద్రవముగ మారినది. ఒకే పదార్థము రెండుమార్లు కరగినట్లు తోచుట వింత విషయము. ఆయన ఈ సంగతిని జర్మనీలోని భౌతిక శాస్త్రజ్ఞుడు ఆటో లేమన్‌నకు వ్రాసెను. లేమన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి, మబ్బు పట్టిన ఆ ద్రవమునకు స్ఫటికపు గుణములు కలవని తేల్చెను. ద్రవ స్ఫటికములను పేరు ఆయన వలననే వాడుకలోనికి వచ్చినది. ఆ తరువాత దాదాపు ఎనుబది ఏండ్ల వరకు ఇది శాస్త్రజ్ఞుల కుతూహలమునకే తప్ప, జనుల నిత్యోపయోగమునకు రాలేదు.

వెలుగునకు ఒక తడిక

తూము పనిచేయు విధము తెలియుటకు వెలుగును గూర్చి ఒక సంగతి చెప్పుకొనవలెను. వెలుగు అలల రూపమున ప్రయాణించును. దీపము నుండి గాని సూర్యుని నుండి గాని వచ్చు వెలుగు నిలువుగను, అడ్డముగను, ఏటవాలుగను – అన్ని విధముల కంపించుచుండును.

ఒక పొడవైన త్రాటి చివరను గుంజకు కట్టి, రెండవ చివరను చేతబట్టి ఊపినచో త్రాటిలో అలలు పుట్టును. ఆ త్రాటిని నిలువు బద్దల తడిక సందులోనుండి పోనిచ్చితిమనుకొందము. క్రిందికి మీదికి ఊపిన అల సందు దాటి పోవును. అడ్డముగ ఊపిన అల బద్దలకు తగిలి ఆగిపోవును. నిలువు తడికకు ఆవల అడ్డ బద్దల తడిక యొకటి పెట్టినచో మొదటిది దాటిన అల రెండవదాని వద్ద ఆగిపోవును. అనగా రెండు తడికలు ఒకదాని కొకటి అడ్డముగ నున్నపుడు ఏ అలయు దాటదు.

వెలుగునకు ఇట్టి తడికగా పనిచేయు పలుచని పొర కలదు. దీనిని ధ్రువణ ఫలకమందురు. మేలురకపు చలువ కళ్ళద్దములు కొన్నింటిలో ఈ ఫలకమే ఉండును. అట్టి కళ్ళద్దములు దొరకినచో వానిని మీటరు తెర యెదుట గాని, లెక్కల యంత్రము తెర యెదుట గాని పట్టుకొని మెల్లగా త్రిప్పి చూడవచ్చును. ఒక స్థితిలో తెర స్పష్టముగ కనబడును. అచటినుండి పావు చుట్టు త్రిప్పగనే తెర మొత్తము నల్లబడును. తెరపైని ఫలకము, కళ్ళద్దములోని ఫలకము అడ్డముగ నిలిచినవని అర్థము. పాఠశాలలో పిల్లలకు ఖర్చు లేకుండ చూపదగిన ప్రయోగమిది.

తెర నిర్మాణము

సామాన్యమైన అంకెల తెరను విడదీసి చూచినచో ఈ వరుసలు కనబడును. ముందు ఒక ధ్రువణ ఫలకము. దాని వెనుక ఒక గాజు పలక. పిమ్మట ద్రవ స్ఫటికము. మరల ఒక గాజు పలక. దాని వెనుక, మొదటిదానికి అడ్డముగ, మరియొక ధ్రువణ ఫలకము. అన్నిటికి వెనుక వెలుగును త్రిప్పికొట్టు అద్దము వంటి పొర. రెండు గాజు పలకల నడుమనున్న సందు మిల్లీమీటరులో సుమారు 200వ వంతు. అది తలవెంట్రుక మందములో పదవ వంతు కంటె తక్కువ. ఆ సందులో నింపిన ద్రవము అత్యల్పము.

గాజు పలకల లోపలి ముఖములకు రెండు పూతలుండును. మొదటిది ఇండియము, తగరము అను లోహముల ఆక్సైడు పూత. ఇది విద్యుత్తును ప్రవహింపజేయును, అయినను గాజు వలెనే కంటికి కనబడదు. అంకెల ఆకారమును ఈ పూతతోనే తీర్చెదరు. రెండవది ఒక మెత్తని పొర. దీనిని గుడ్డతో ఒకే దిక్కున రుద్ది సన్నని చాళ్ళు పడునట్లు చేయుదురు. పుల్లల వంటి అణువులు ఆ చాళ్ళ వెంబడి పడుకొనును. ఒక పలకపై చాళ్ళు తూర్పు పడమరలుగ నున్నచో, రెండవ పలకపై ఉత్తర దక్షిణములుగ ఉండును. అందువలన నడుమనున్న అణువులు వరుస వరుసకు కొంచెము కొంచెముగ దిక్కు మార్చుకొనుచు, క్రింది నుండి మీదికి వచ్చునప్పటికి పావు చుట్టు తిరుగును. మంచినీటి ట్యాంకుపైకి పోవు చుట్టుమెట్లు కూడ ఇట్లే మెట్టు మెట్టునకు కొంచెము దిక్కు మారుచు పోవును గదా.

ఇపుడు వెలుగు రాకను గమనింతము. ముందరి ఫలకము దాటిన వెలుగు ఒకే దిక్కున కంపించుచు ద్రవములో ప్రవేశించును. మెట్ల వలె తిరిగిన అణువుల వెంట దాని కంపన దిక్కు కూడ తిరుగును. ద్రవమును దాటునప్పటికి పావు చుట్టు తిరిగి, వెనుకనున్న అడ్డ ఫలకమునకు సరిగా అమరును. కనుక దానిని దాటి, అద్దపు పొరకు తగిలి, వచ్చిన త్రోవనే వెనుకకు వచ్చును. మన కంటికి ఆ చోటు తేటగా కనబడును. తూము తెరచియున్నది.

ఇక పూతల ద్వారా కొద్ది వోల్టుల విద్యుత్తును ఆ చోట ప్రసరింపజేసినచో, పడుకొనియున్న అణువులు లేచి నిలుచుండును. మెట్ల వరుస చెదరిపోవును. వెలుగు దిక్కు తిరుగదు. రెండవ ఫలకము వద్ద ఆగిపోవును. ఆ చోటు నల్లగా కనబడును. తూము మూసికొన్నది. విద్యుత్తు తీసివేయగనే అణువులు మరల చాళ్ళ వెంబడి ఒరిగి, తూము తెరచుకొనును. మీటరుపైని నల్లని అంకె వెలుగు ఆగిన చోటేగాని అచట ఏ రంగును పూయబడలేదు.

ఈ విద్యుత్తును ఒకే దిశలో ఇచ్చుచున్నచో ద్రవము క్రమముగ చెడిపోవును. కావున సెకనుకు అనేక పర్యాయములు దిశ మార్చుచు ఇత్తురు.

ఏడు గీతల అంకె

పంచాయతీ సభ్యులు ఎక్కువ శ్రద్ధతో గమనింపవలసిన భాగమిది. త్రాసులు, మీటర్లపైనున్న ప్రతి అంకెయు ఏడు గీతలతో ఏర్పడును: పైన అడ్డగీత, నడుమ అడ్డగీత, క్రింద అడ్డగీత, ఎడమవైపు రెండు నిలువు గీతలు, కుడివైపు రెండు నిలువు గీతలు. ఏడు గీతలును నల్లబడినచో 8 అగును. నడిమి గీత తప్ప తక్కినవి నల్లబడినచో 0 అగును. ఒక్కొక్క గీత ఒక్కొక్క తూము.

ఈ తూములలో ఒకటి పనిచేయనిచో అంకె మారిపోవును. నడిమి గీత చెడినచో 8 కాస్తా 0 వలె కనబడును. కుడివైపు పై గీత చెడినచో 8 కాస్తా 6 అగును. ఎడమవైపు క్రింది గీత చెడినచో 8 కాస్తా 9 అగును, 6 కాస్తా 5 అగును. పై అడ్డగీత చెడినచో 7 కాస్తా 1 అగును. 70 కిలోల ప్రత్తి తూగినపుడు తెరపై 10 అని కనబడినచో ఎవరైనను పోల్చుకొందురు. కాని 47 కిలోలు 41 కిలోలుగ కనబడినచో అనుమానించువారు తక్కువ. త్రాసు లోపల లెక్క సరిగానే జరిగి యుండవచ్చును. చూపుటలోనే తప్పు వచ్చును. రైతు నష్టపోవుటకు ఇది చాలును.

దీనికి విరుగుడు సులభము. పెక్కు త్రాసులు, మీటర్లు మీట నొక్కగనే, లేక విద్యుత్తు రాగనే, కొన్ని క్షణములు అన్ని గీతలను వెలిగించి 888888 అని చూపును. ఇది అలంకారము కాదు, పరీక్ష. ఆ క్షణమున ప్రతి అంకెలోను ఏడు గీతలు నిండుగా నున్నవో లేదో చూడవలెను. ఏ గీతయైన లోపించినచో, లేక వెలవెలబోయినచో, ఆ యంత్రముపై లెక్కను నమ్మరాదు. పాలకేంద్రములోను, చౌకధరల దుకాణములోను ప్రతి ఉదయము ఈ పరీక్షను పదిమంది యెదుట జరిపించుట మంచి అలవాటు. దీనితోబాటు తూనికలు, కొలతల శాఖవారి ముద్ర ఉన్నదో లేదో చూచుట, తెలిసిన తూకపురాయిని పెట్టి చూచుట మానరాదు. గీతల పరీక్ష తెర మంచిదని మాత్రమే తెలుపును; తూకము సరియైనదని తెలుపదు.

గీతలు వెలవెలబోవుటకు తరచు కారణము ద్రవము చెడుట కాదు. గాజు పలకను లోపలి విద్యుత్తు పలకతో కలుపుటకు అనేక యంత్రములలో ఒక చిన్న రబ్బరు పట్టీ వాడుదురు. దుమ్ము, తేమ చేరినపుడు, లేక యంత్రము క్రిందపడినపుడు ఆ పట్టీ సరిగా తగులదు. తెలిసిన పనివాడు దానిని శుభ్రపరచి సరిచేయగలడు. అయితే ముద్ర వేసిన త్రాసును, కట్టుదిట్టము చేసిన మీటరును మన యిష్టము వచ్చినట్లు విప్పరాదు. సంబంధించిన శాఖకు తెలిపి వారిచేతనే విప్పింపవలెను.

మరియొక సంగతి. ఈ జాతి తెరను ప్రక్కనుండి గాని, క్రిందినుండి గాని చూచినపుడు మూయని గీతలు కూడ కొంచెము నల్లగా తోచి, అంకె 8 వలె భ్రమింపజేయును. కనుక ఎత్తున బిగించిన మీటరును నేలమీద నిలుచుండి చదువరాదు. తెరకు ఎదురుగ కన్నుంచి చదువవలెను.

మీటరు తెరపై వరుసగా పలు సంఖ్యలు వచ్చుచుండును: తేది, కాలము, వోల్టులు, గరిష్ఠ వాడకము మొదలగునవి. బిల్లునకు ముఖ్యాధారము కె.డబ్ల్యు.హెచ్. అను అక్షరముల ప్రక్కనున్న సంఖ్య. మనము యూనిట్లని చెప్పుకొనునవి అవియే. పంచాయతీ మీటర్లన్నింటి ఈ సంఖ్యను నెలకొకసారి ఒక పుస్తకములో వ్రాయించినచో బిల్లులను సరిచూచుకొనవచ్చును.

మీటరు తెర పూర్తిగ ఆరిపోయినను లెక్క ఆగిపోయినదని తలంపరాదు. మీటరుపై ఒక చిన్న ఎఱ్ఱదీపము కొట్టుకొనుచుండును. ఎన్ని పర్యాయములు కొట్టుకొన్నచో ఒక యూనిట్ అగునో మీటరు ముఖముననే అచ్చువేసి యుండును, ఉదాహరణకు 3200. ఆ దీపము కొట్టుకొనుచున్నదనగా లోపల కొలత జరుగుచున్నదని అర్థము. మీటరులోని జ్ఞాపక భాగమునుండి ఆ లెక్కను తగిన పరికరముతో రాబట్టు ఏర్పాటు కూడ పెక్కు మీటర్లలో కలదు. తెర కనబడుట లేదని ఉజ్జాయింపు లెక్కతో నెలల తరబడి బిల్లు కట్టుట కంటె, విద్యుత్తు సంస్థవారికి లిఖితపూర్వకముగ తెలిపి మీటరును పరీక్షింపజేయుట గ్రామనిధికి మేలు.

ప్రయోగశాలనుండి వాడుకలోనికి

1968లో అమెరికాలోని ఆర్.సి.ఏ. సంస్థ జార్జి హైల్‌మయర్ బృందము చేసిన ద్రవ స్ఫటికపు తెరలను లోకమునకు ప్రదర్శించెను. కాని అవి ఎక్కువ విద్యుత్తును కోరినవి. పైన వివరించిన పావు చుట్టు పద్ధతికి 1970 డిసెంబరులో స్విట్జర్లండులో మార్టిన్ షాట్, వుల్ఫ్‌గాంగ్ హెల్ఫ్రిచ్ అనువారు పేటెంటునకు దరఖాస్తు చేసిరి. అమెరికాలో జేమ్స్ ఫెర్గసన్ కూడ ఇదే మార్గమున కృషిచేసి 1971లో దరఖాస్తు చేసెను.

ఆ కాలమున మరియొక చిక్కు ఉండెను. అప్పటి పదార్థములలో పెక్కు సామాన్యమైన గది వేడిమిలో ద్రవ స్ఫటిక స్థితిలో నిలుచునవి కావు; నిలిచినవియు త్వరలో చెడిపోవుచుండెను. ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయములో జార్జి గ్రే బృందము, గది వేడిమిలోనే పనిచేయుచు చెడని పదార్థములను తయారుచేసి 1973లో ప్రకటించెను. అదే సంవత్సరము జపానులోని షార్ప్ సంస్థ ద్రవ స్ఫటికపు తెర గల లెక్కల యంత్రమును అమ్మకమునకు తెచ్చెను.

ఈ శాస్త్రమున భారతదేశమునకు గౌరవ స్థానము కలదు. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో శివరామకృష్ణ చంద్రశేఖర్ (1930–2004) ద్రవ స్ఫటికములపై దీర్ఘకాలము పరిశోధన సాగించెను. 1977లో ఆయన, సహచరులైన సదాశివ, సురేశ్ కలసి, పుల్లల వంటి అణువులే గాక, పళ్ళెముల వంటి అణువులు కూడ ద్రవ స్ఫటికములు కాగలవని కనుగొని, మన దేశపు పత్రిక ‘ప్రమాణ’లో ప్రకటించిరి. తరువాతి కాలమున జపానులో పళ్ళెముల వంటి అణువులతో పలుచని పొరలు చేసి తెరలకు అంటించి, ప్రక్కనుండి చూచువారికి కూడ బొమ్మ స్పష్టముగ కనబడునట్లు చేసిరి. ప్రయోజనము నాశింపక చేసిన శాస్త్ర పరిశోధన తుదకు ప్రజలకు ఉపకరించుటకు ఇది మంచి నిదర్శనము.

రంగుల తెర

టెలివిజను, కంప్యూటరు తెరలందలి మూలసూత్రము ఇదియే. భేదము తూముల సంఖ్యలో ఉన్నది. ఏడు గీతలకు మారుగా తెరనంతయు చిన్న చిన్న గళ్ళుగ విభజింతురు. ఫుల్ హెచ్.డి. అని పిలుచు తెరలో అడ్డముగ 1920, నిలువుగ 1080, వెరసి 20,73,600 గళ్ళుండును. ప్రతి గడిలోను మూడు చిన్న తూములు – ఒకదానిపై ఎరుపు, ఒకదానిపై ఆకుపచ్చ, ఒకదానిపై నీలము రంగుపొర. అనగా మొత్తము 62,20,800 తూములు. మూడును తెరచినచో తెలుపు. మూడును మూసినచో నలుపు. ఎరుపు, ఆకుపచ్చ తెరచి నీలము మూసినచో పసుపు. భూతద్దముతో తెల్లని తెరను చూచినచో ఈ మూడు రంగులును విడివిడిగ కనబడును.

తూమును పూర్తిగ తెరచుటయో మూయుటయో గాక, కొంచెము కొంచెముగ తెరచు వీలు కూడ కలదు. సామాన్యముగ ఒక్కొక్క తూమును 256 మెట్లలో తెరచెదరు. మూడింటిని కలిపి లెక్కించినచో 1,67,77,216 రంగుల ఛాయలు సాధ్యమగును.

ఇన్ని తూములకు విడివిడిగ తీగలు వేయుట అసాధ్యము. కావున ప్రతి తూము మూలను ఒక అతి చిన్న ట్రాన్సిస్టరును గాజుమీదనే నిర్మించెదరు. మన కాలువలపై లస్కరు వరుసగా ఒక్కొక్క తూము వద్దకు వచ్చి, తలుపును తగినంత ఎత్తి, ముందునకు సాగిపోవును; అతడు మరల వచ్చువరకు తలుపు అట్లే నిలిచియుండును. ట్రాన్సిస్టరు పనియు అట్టిదే. వరుస తరువాత వరుసకు ఆజ్ఞ వచ్చును. ఆజ్ఞ మేరకు తూము తెరచుకొని, మరల ఆజ్ఞ వచ్చువరకు నిలుచును. సాధారణముగ ఈ చుట్టు సెకనుకు 60 మార్లు పూర్తియగును. కనుకనే బొమ్మలు కదలినట్లు కనబడును. 1988లో షార్ప్ సంస్థ ఇట్టి 14 అంగుళముల రంగుల తెరను తయారుచేసినది. ఆ పిమ్మట బరువైన పాత గాజు బుడ్డి టెలివిజనులు క్రమముగ వెనుకబడినవి.

వెనుకనున్న దీపము

రంగుల తెర వెనుక అద్దపు పొర చాలదు, దీపము కావలెను. ధ్రువణ ఫలకము సగమునకు పైగా వెలుగును ఆపును. రంగుపొరలు మిగిలినదానిలో అధిక భాగమును ఆపును. వెనుక దీపము ఇచ్చు వెలుగులో పదవ వంతు కంటె తక్కువయే సామాన్యముగ మన కంటికి చేరుచున్నది. కాబట్టి ఇట్టి తెరలో విద్యుత్తు ఖర్చునకు ప్రధాన కారణము ఆ దీపమే. వెలుగును అవసరమునకు మించి పెంచక తగ్గించి ఉంచుట పొదుపు.

పూర్వము ఈ దీపములు సన్నని గొట్టములు. అందు కొద్దిపాటి పాదరసము ఉండెడిది. ఇపుడు వాని స్థానమున ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి. అంగడిలో ‘ఎల్.ఇ.డి. టీవీ’ అని అమ్మబడువానిలో పెక్కు వాస్తవమునకు ద్రవ స్ఫటికపు తెరలే. దీపము మాత్రమే ఎల్.ఇ.డి. తెర జాతి మారినదని చెప్పి ఎవరైన అధిక ధర కోరినచో సభ్యులు మోసపోరాదు. గళ్ళు తామే వెలుగు తెరలు వేరుగ కలవు. వానిని ఓ.ఎల్.ఇ.డి. అందురు. అనేక సెల్‌ఫోనులలోను, ఖరీదైన కొన్ని టీవీలలోను అవి ఉన్నవి.

పాఠశాలకు గాని, సభామందిరమునకు గాని తెర కొనునపుడు ఎదుట నిలిచి చూచుట చాలదు. గదిలో చివర, ప్రక్కన కూర్చుండు పిల్లవాని స్థానమునుండి చూడవలెను. అచటినుండి రంగులు వెలిసినట్లు, తిరగబడినట్లు కనబడినచో ఆ తెర తరగతి గదికి తగదు. అణువులు లేచి నిలుచుటకు మారుగా, పడుకొనియే ప్రక్కకు తిరుగునట్లు చేసిన ఐ.పి.ఎస్. రకపు తెరలు ప్రక్కనుండి చూచువారికి అనుకూలముగ ఉండును.

తెర ఆరిపోయినపుడు

శబ్దము వినబడుచు, బొమ్మ కనబడనిచో తెర చచ్చినదని తొందరపడి తీర్మానింపరాదు. గదిని చీకటి చేసి, టార్చి దీపమును తెరపై ఏటవాలుగ వేసి చూడవలెను. బొమ్మ లీలగ కనబడినచో తూములు బాగుగనే ఉన్నవి. వెనుక దీపమో, దానికి విద్యుత్తునిచ్చు భాగమో చెడినది. ఇది బాగుచేయదగిన లోపము. గాజు పగిలి, నల్లని మరక సిరా ఒలికినట్లు ప్రాకినచో ద్రవము కారిపోయినదని అర్థము. దానిని అతుకుటకు వీలులేదు. పలక మొత్తము మార్చవలెను. పెద్ద తెరలలో ఆ ఖర్చు తరచు క్రొత్తదాని ధరకు చేరువగును. ఈ భేదము తెలిసిన సభ, కొద్ది ఖర్చుతో తీరు లోపమునకు క్రొత్త తెర కొనదు. అతుకరాని తెరపై మరమ్మతు సొమ్మును వృథా చేయదు.

వేడిమికి ఒక హద్దు కలదు. తీవ్రమైన ఎండలో ద్రవము స్ఫటిక గుణమును కోలుపోయి సామాన్య ద్రవమగును. అపుడు అణువుల మెట్ల వరుస ఉండదు, వెలుగు దిక్కు తిరుగదు. మీటరు తెర మొత్తము నల్లబడును. నీడపట్టున చల్లారిన పిమ్మట సాధారణముగ యథాస్థితికి వచ్చును. కాని మరల మరల ఇట్లు జరిగినచో తెర ఆయువు తగ్గును. కావున ఆరుబయటనున్న మీటర్లకు, త్రాసులకు చిన్న పందిరియో రేకో ఏర్పాటు చేయుట మంచిది.

తెరను తుడుచుటకు మెత్తని పొడిగుడ్డ చాలును. నీటిని తెరపై చిలుకరింపరాదు. ఘాటైన గాజు తుడుపు మందులు వాడరాదు. వ్రేలితో గట్టిగా నొక్కరాదు. నొక్కినచో గాజుల నడిమి సందు మారి రంగులు అలలు అలలుగ కదలును. మితిమీరినచో శాశ్వతమగు మచ్చ ఏర్పడును. పగిలిన తెరనుండి కారు ద్రవమును ముట్టరాదు. ముట్టినచో సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

పనికిరాని తెరలను చెత్తకుప్పలో వేయుట, కాల్చుట కూడదు. పాత తెరల గొట్టములలో పాదరసము, విద్యుత్తు పలకలలో హానికరమగు లోహములు ఉండవచ్చును. ఎలక్ట్రానిక్ వ్యర్థములను గూర్చిన 2022 నాటి కేంద్ర నియమములు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. వీని ప్రకారము ఇట్టి వ్యర్థములను నమోదు పొందిన సంస్థలకే చేర్చవలెను. పంచాయతీ కార్యాలయము, పాఠశాల, పాలకేంద్రము తమ పాత యంత్రములను ఒకచోట భద్రపరచి, ఒకేసారి పంపు ఏర్పాటు చేసికొనవచ్చును.

ముగింపు

తెరపై కనబడినదెల్ల సత్యమని నమ్ముట ఒక పొరపాటు. యంత్రము మనకు తెలియదని తప్పుకొనుట మరియొక పొరపాటు. కాలువ తూము వద్ద నీరు తక్కువగ వచ్చినపుడు రైతు తలుపును చూచును, చెత్త అడ్డుపడినదేమోనని చూచును, పైన నీరున్నదో లేదో చూచును. వెలుగు తూము విషయమునను అదే వివేకము చాలును. గీతలన్నియు నిండుగ నున్నవా? ఎదురుగ నిలిచి చదివితిమా? చెడినది తూమా, దీపమా? ఈ మూడు ప్రశ్నలను అలవాటు చేసికొన్న పంచాయతీ తన గ్రామములోని పాలు పోయు ఆడపడుచునకు, బియ్యము తెచ్చుకొను కూలివానికి, పన్ను చెల్లించు ప్రతి గృహస్థునకు న్యాయము చేకూర్చగలదు. తదుపరి సభలోనే పాలకేంద్రపు త్రాసును, పంచాయతీ మీటర్లను గీతల పరీక్ష చేయించుటకు ఒక దినమును నిర్ణయించుకొనుట శ్రేయస్కరము.